ఊరు మునిగేలోపు అధ్యక్షుడు చేయాల్సిన పనులు

ముంపు గ్రామాల కమిటీకి నిన్ను అధ్యక్షుణ్ణి చేశారని తెలిసింది తమ్ముడూ. చాలా సంతోషం. పదహారేళ్ళు నేనూ అదే కుర్చీలో కూర్చున్నాను. మాది గోదావరి ఒడ్డున కోయగూడెం. పోలవరం డ్యామ్‌కి ఎగువన, సరిగ్గా నీళ్ళు నిలబడే చోట. ఆ పదహారేళ్ళలో ఒక్క రాత్రి నిద్ర చెడగొట్టుకోలేదు. నా మీద ఒక్క కేసు లేదు. ఇంట్లో పదకొండు శాలువాలున్నాయి. నువ్వూ అలాగే సుఖంగా ఉండాలని నేర్చుకున్నదంతా దాచుకోకుండా రాస్తున్నాను. వరుసగా పాటించు.

1. డ్యామ్ కట్టరని చెప్పు

మొదటి మీటింగులోనే తేల్చెయ్. "ఇది కట్టేదీ లేదు, మనం మునిగేదీ లేదు" అను. ఈ ఒక్క మాటకి పదేళ్ళు పనిచేసే సత్తా ఉంది. రుజువులూ బోలెడు. రామపాదసాగర్ అంటూ 1940లలోనే అనుకున్నారు. మా తాత కాలం చేశాడు గానీ డ్యామ్ రాలేదు. అంజయ్య గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు శంకుస్థాపన చేసి వెళ్ళారు. మా నాన్న కాలం చేశాడు, డ్యామ్ రాలేదు. 2004 తర్వాత వై.ఎస్. గారి హయాంలో పనులు మొదలైతే ముందుగా కాలువలు తవ్వారు. వెంటనే ఊరందరినీ పిలిచి, "కాలువ ఎక్కడో కింద తవ్వుతున్నారు, కాలువ మనల్ని ముంచుతుందా?" అని అడిగాను. ముంచదన్నారు. మీటింగు అయిపోయింది.

2011లో కేంద్ర పర్యావరణ శాఖ పనులు ఆపమన్నప్పుడు కల్లు పోయించాను. ఆ ఉత్తర్వును పక్కనపెట్టిన సంగతి ఎవరికీ చెప్పలేదు. 2014లో జాతీయ ప్రాజెక్టు అన్నారు, ఖమ్మం జిల్లాలోని ముంపు మండలాలను ఆంధ్రాలో కలిపారు. "అదంతా కాగితం మీద" అన్నాను. 2021 జూన్‌లో నదిని మళ్ళించి 48 గేట్ల స్పిల్‌వే మీదుగా వదిలారు. అలాంటి రోజు వస్తే మాత్రం నోరు తెరవకు. అప్పటికి నీ పదవీకాలం హాయిగా గడిచిపోయి ఉంటుంది.

2. మీటింగు మండల కేంద్రంలో పెట్టు

ముత్యాలమ్మ గద్దె దగ్గర, చింతచెట్టు కింద పెడితే అందరూ వస్తారు. వస్తే అడుగుతారు. అడిగితే జవాబు చెప్పాలి. అందుకే మండల కేంద్రంలో, లాంచీ దిగి ఆటో ఎక్కి వెళ్ళాల్సిన చోట పెట్టు. తునికాకు కోత జోరుగా ఉన్న రోజుల్లో, అదీ పొద్దున తొమ్మిదింటికి పెట్టు. ఆ వేళకి ఆడవాళ్ళు అడవిలో ఆకు కోస్తుంటారు. సాయంత్రం కల్లంలో కట్టలు అప్పజెప్పి ఇంటికొచ్చేసరికి నువ్వు తిరిగొచ్చి భోంచేసి పడుకుని ఉంటావు. ఆడవాళ్ళు రాని మీటింగు అరగంటలో ముగుస్తుంది. ఇది నేను గడియారం పెట్టుకుని చూసిన లెక్క.

3. మినిట్స్ బుక్‌లో పైభాగం ఖాళీగా ఉంచి వేలిముద్రలు వేయించు

అన్నిటిలోకీ విలువైన చిట్కా ఇది. నిదానంగా చదువు.

1996 నాటి పెసా చట్టం ప్రకారం ఏజెన్సీలో ప్రాజెక్టుకి భూమి తీసుకోవాలన్నా, జనాన్ని వేరేచోట పెట్టాలన్నా ముందుగా గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలి. 2013 భూసేకరణ చట్టం ఇంకో మెట్టు ఎక్కి, షెడ్యూల్డు ప్రాంతంలో ముందస్తు సమ్మతి కావాలంది. 2006 అటవీ హక్కుల చట్టం పోడు హక్కులు తేలేదాకా ఎవరినీ కదపొద్దంది. మూడు చట్టాలూ ఊళ్ళో తెలిశాయంటే నీకు విశ్రాంతి ఉండదు. కాబట్టి గ్రామసభ అనే మాటే వాడకు. "సంతకాలు పెట్టే రోజు" అను.

నేనెలా చేయించానో చెబుతాను, చేయి తిరుగుతుంది. పొడుగాటి పుస్తకం, ఎర్ర అట్ట. తీర్మానం రాయాల్సిన పైభాగం ఖాళీ. కింద వరుస నంబర్లు, పేర్లు. ఇంకు ప్యాడ్ ఎండిపోతే రెండు నీటిచుక్కలు పోశాను. గద్దె మీద కూర్చుని ఒక్కొక్కరి బొటనవేలు పట్టుకుని నొక్కించాను. వేలు వాళ్ళ చేతికే వదిలేయకు, వదిలితే ఆలోచిస్తారు. వేలు తుడుచుకోడానికి పాత గుడ్డపీలిక పెట్టుకున్నాను. సిరా పోగొట్టుకునే హడావిడిలో పుస్తకం వైపు ఎవరూ చూడరు. ఆరోజు 83 వేలిముద్రలు పడ్డాయి. పైన ఏం రాయాలో తర్వాత ఆఫీసు వాళ్ళే రాసుకున్నారు, నాకా శ్రమా తప్పింది.

మా మేనకోడలు భద్రాచలంలో డిగ్రీ చదివేది. "మావయ్యా, పైన ఏం రాశారు?" అంది. "ఇంకా రాయలేదమ్మా" అన్నాను. "రాయకుండా ఎలా పెడతారు?" అంది. "ముందు సంతకం, తర్వాత రాత. ఆఫీసు పద్ధతి అదే" అన్నాను. అలాంటి పిల్ల మీ ఊళ్ళోనూ ఒకతి ఉంటుంది. ముందే కనిపెట్టి పెళ్ళి సంబంధం చూడు. లేదా ఆరోజు సంతకి పంపు.

ఊరందరినీ కూర్చోబెట్టి పైకి చదివి వినిపిస్తే ఏమవుతుందో ఒడిశాలో చూశారు. నియమగిరి కొండ మీద బాక్సైట్ తవ్వకం గురించి సుప్రీంకోర్టు 2013లో గ్రామసభల్నే అడగమంది. 12 ఊళ్ళలో సభలు పెట్టారు. డోంగ్రియా కోంధులు, వాళ్ళ పక్క ఊళ్ళవాళ్ళు ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. 12కి 12 ఊళ్ళూ వద్దన్నాయి. కంపెనీ కొండ ఎక్కలేదు. ఆ ఊళ్ళ పెద్దలకి ఒక్క శాలువా దక్కిందని నేను వినలేదు.

4. కాగితాలు ఇంట్లో పెట్టుకోకు

జిరాక్స్‌కి రెండు రూపాయలు. ఎనభై ఇళ్ళకి, ఇంటికి పది కాగితాల లెక్కన ఎంతవుతుందో చూసుకో. అంత డబ్బు దండగ. పోడు పట్టా, రేషన్ కార్డు, తెల్లకాగితం మీద తాతల నాటి పంపకం, ఏది అడిగినా ఒరిజినల్ ఇచ్చేయమను. రసీదు అడగొద్దను. రసీదు అడిగితే సార్లు నొచ్చుకుంటారు. ఒక ఆఫీసులో మా ఊరి కాగితాల కట్ట మొత్తం కనపడకుండా పోయింది. నాకు పెద్ద రిలీఫ్ దొరికింది. ఆ తర్వాత ఎవరు ఏ హక్కు అడిగినా "కాగితం చూపించు" అంటే చాలు.

5. సర్వేయర్ని ఒంటరిగా తిరగనివ్వు

సర్వేయర్ వచ్చిన రోజు ఊళ్ళో వాళ్ళెవర్నీ వెంట పంపకు. ఎండలో తిరిగితే దాహం వేస్తుంది, ప్రశ్నలు పుడతాయి. నువ్వూ వెళ్ళకు. కోడి కోసి మధ్యాహ్నానికి పిలువు. రాయి ఎక్కడ పాతాడో తర్వాత తెలుస్తుంది.

పోలవరంలో నీటిమట్టం రెండు అంకెల్లో ఉంటుంది. పూర్తి మట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. మొదటి దశ అని ఇంకో గీత గీశారు, 41.15 మీటర్లు. రెండిటికీ తేడా నాలుగున్నర మీటర్లు, రెండు తాటాకిళ్ళ ఎత్తు. మా ఊళ్ళో పెద్దగుంపు కింద ఉంటుంది, చిన్నగుంపు కాస్త పైన. పెద్దగుంపు మొదటి దశలోకి వచ్చింది. చిన్నగుంపు రాలేదు. అంతటితో వదిలేస్తే బాగుండేది.

మా ఊళ్ళో ఒక అవ్వ ఉంది. 1986 వరదకి భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు వచ్చిందే, ఆ రాత్రి ఆమె పెనిమిటి చింతచెట్టు మాను మీద నీటి అంచున గొడ్డలితో గాటు పెట్టాడట. మనిషి భుజమెత్తులో, అరచేయంత వెడల్పు. 2006 వరదకి కింద ఇంకోటి పెట్టుకున్నారు. ఆ అవ్వా, నా మేనకోడలూ, ఇద్దరు కుర్రాళ్ళూ కలిసి తాపీమేస్త్రీ దగ్గర లెవెల్ పట్టే పైపు తెచ్చారు. తెల్లటి ప్లాస్టిక్ పైపు, అందులో నీళ్ళు. ఒక కొస 86 గాటు దగ్గర పట్టుకుని, రెండో కొస పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. నీళ్ళు ఎక్కడ నిలబడితే అక్కడ గోడకి బొగ్గుతో గీత. సాయంత్రానికి చిన్నగుంపులో ప్రతి ఇంటి గోడ మీదా నల్లగీత ఉంది. కొన్నిళ్ళల్లో నడుమెత్తున, కొన్నిళ్ళల్లో చూరుకి జానెడు కింద. డ్యామ్ లేనప్పుడే నీళ్ళు ఇంతదాకా వచ్చాయి, డ్యామ్ కట్టాక ఈ గుంపు మునగదని ఎవరన్నారు అని అవ్వ అడిగింది.

మేనకోడలు ఇంకో లెక్క తెచ్చింది. 1980లో రాష్ట్రాలు ఒప్పందం చేసుకున్నప్పుడు 36 లక్షల క్యూసెక్కుల వరద లెక్కన చూశారట, తర్వాత స్పిల్‌వేని 50 లక్షలకి కట్టారట. "36కి గీసిన గీత 50కి ఎలా సరిపోతుంది మావయ్యా?" అంది. నాకు జవాబు తెలియలేదు.

ఇలాంటప్పుడు తొణకకు. మర్నాడు పెళ్ళి పందిరికి కావాలని ఆ పైపు అడిగి పట్టుకొచ్చాను. తిరిగి ఇవ్వలేదు. సంక్రాంతికి గోడలకి వేసుకోమని ఇంటికో సున్నం ముంత పంచాను. జనం సంతోషించారు, గీతలు పోయాయి. చెట్టు సంగతి చివర్లో చెబుతాను.

6. రెండు గుంపుల్నీ విడగొట్టు

కలిసి ఉంటే ఒక్కటే డిమాండ్, ఒక్కటే తేదీ. నువ్వు తప్పించుకోలేవు. విడిపోతే ఒక్కో గుంపుకి ఒక్కో కబురు చెప్పొచ్చు. పెద్దగుంపుతో "చిన్నగుంపు వాళ్ళ వల్లే మీ డబ్బు ఆగింది" అను. చిన్నగుంపుతో "వాళ్ళు మిమ్మల్ని అమ్ముకున్నారు" అను. కోయవాళ్ళతో కొండరెడ్ల గురించి, కొండరెడ్లతో కోయవాళ్ళ గురించి ఇదే మాట. అసలు డబ్బు ఎందుకు ఆగిందో ఎవరూ అడగరు.

సంఘం ఒకటే ఉంటే మరో రెండు పెట్టించు. పేర్లు దగ్గరదగ్గరగా ఉండాలి. మా మండలంలో "ముంపు బాధితుల సంఘం", "ముంపు నిర్వాసితుల సంఘం", "ముంపు నిర్వాసిత బాధితుల సంఘం" ఉండేవి. అధికారి ఒకరితో మాట్లాడి మిగతా ఇద్దరితోనూ మాట్లాడానని రాసుకోవచ్చు. మూడు సంఘాలు ఒకే రోజు ఒకే టెంటు కోసం కొట్టుకున్నాయి. ఆరోజు డ్యామ్ ఊసే రాలేదు.

7. పొరుగు రాష్ట్రం వైపు చూడకు

డ్యామ్ నీళ్ళకి రాష్ట్రాల సరిహద్దులు తెలియవు. శబరి వెంట ఛత్తీస్‌గఢ్‌లో కుంట వైపు, ఒడిశాలో మోటు వైపు వెనక్కి తన్నే నీళ్ళ గురించి అక్కడి జనానికీ భయమే. అక్కడా కోయవాళ్ళే, మాటా అదే, వియ్యాలూ ఉన్నాయి. 2005లో పర్యావరణ అనుమతి ఇచ్చేముందు ఆ రెండు రాష్ట్రాల్లో ప్రజాభిప్రాయ సేకరణ జరగలేదు. 2007లో ఒడిశా సుప్రీంకోర్టుకి ఎక్కింది. వాళ్ళతో చేతులు కలిపితే కబురు పెద్దదవుతుంది, ఢిల్లీ దాకా తిరగాలి. నాకు బస్సు ప్రయాణం పడదు. బంధువుల పెళ్ళికి వెళ్ళినా ఈ విషయం ఎత్తకుండా తిని వచ్చెయ్.

జార్ఖండ్‌లో కోయెల్, కారో నదుల మీద డ్యామ్ తలపెట్టినప్పుడు ముండా ఊళ్ళన్నీ ఒక్క సంఘంగా నిలబడ్డాయి. ఊరి పొలిమేరలో అడ్డుకర్ర పెట్టి, అడగకుండా ఎవర్నీ లోపలికి రానివ్వలేదు. దశాబ్దాలు అలాగే కాపలా కాశారు. 2001 ఫిబ్రవరి 2న తప్కరాలో పోలీసులు కాల్చితే ఎనిమిది మంది చనిపోయారు. అయినా కాపలా వదల్లేదు. చివరికి ఆ ప్రాజెక్టే మానుకున్నారు. అంత బాధ నువ్వు పడలేవు తమ్ముడూ, నేనూ పడలేను. పైగా వాళ్ళకి ప్యాకేజీ ఏం వచ్చింది? ఏమీ రాలేదు. ఈ రోజుకీ తాతల నాటి పొలమే దున్నుకుంటున్నారు.

8. ప్యాకేజీ ఒక్కటే అడుగు, భూమి అడగకు

డబ్బు అంకెలో ఉంటుంది, ఫ్లెక్సీ మీద పడుతుంది. గిరిజన కుటుంబానికి 6 లక్షల 86 వేలు అన్నారు. 10 లక్షలు చేస్తామన్నారు, 2021లో జీవో ఇచ్చారు. ఈ రెండు అంకెల మధ్య ఎన్నేళ్ళైనా ఊగొచ్చు. "పది ఎప్పుడు?" అని అడుగుతూ ఉండు చాలు.

భూమికి భూమి అడిగావో, పనులు మొదలవుతాయి. భూమి పోయే ఎస్సీ, ఎస్టీలకి పోయినంత గానీ రెండున్నర ఎకరాలు గానీ, ఏది తక్కువైతే అది ఇవ్వాలని 2013 చట్టంలో ఉంది. దాన్ని పట్టుకుంటే ఇచ్చే భూమి ఎక్కడుంది, నీరుందా, రాళ్ళున్నాయా, వేరేవాళ్ళు దున్నుతున్నారా అని వెళ్ళి చూడాలి. చెప్పులరుగుతాయి. మా వాళ్ళకి చూపించిన భూమిని నేను కారు దిగకుండానే చూసి బాగుందన్నాను.

ఇప్ప చెట్లు, జీలుగు చెట్లు, కొండచీపుర్లు, అడ్డాకులు, వెదురు కొమ్ములు, వీటికి లెక్క రాయించకు. నదిలో చేపకి అసలే లెక్క లేదు. ఏడాదికి ఇంటికి ఎన్ని కేజీల చింతపండు గిరిజన సహకార సంస్థకి వేస్తారో రాయమని మేనకోడలు చెబితే "పెన్నులో సిరా లేదు" అన్నాను. కొన్ని సాకులు అప్పటికప్పుడు తోస్తాయి.

పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళని వేరే కుటుంబంగా లెక్కపెడతారు. కటాఫ్ తేదీ ఎప్పుడో ఊరికి చెప్పకు. చెబితే ఆధార్, స్కూలు సర్టిఫికెట్లు అంటూ ప్రతి ఇంటి నుంచీ నీ గుమ్మం దగ్గరికి వస్తారు. తేదీ దాటాక చెబితే ఒక్కసారి ఏడ్చి ఊరుకుంటారు. మా ఊళ్ళో అలా 27 మంది పిల్లలు జాబితాలో లేరు. ఎదురుపడితే నాకు ఇప్పటికీ నమస్కారం పెడతారు.

9. ధర్నా పావుగంటకి మించకూడదు

రిలే నిరాహార దీక్ష మంచిది. పేరులోనే రిలే ఉంది కాబట్టి నీ వంతు పొద్దున టిఫిన్‌కీ మధ్యాహ్నం భోజనానికీ మధ్య పెట్టుకో. విలేకరి రాగానే పిడికిలి ఎత్తు. ఫొటో పడగానే దించు. వినతిపత్రం ఒక్కటే రాయించి పదిహేను జిరాక్స్‌లు తీయించు. ఎవరొచ్చినా అదే, మంత్రిగారి పేరు దగ్గర చుక్కలు పెట్టి ఉంచు.

10. ఎన్నికల దాకా ఆగమను

ఏ పార్టీ ప్రతిపక్షంలో ఉంటే ఆ పార్టీ మనదే. "వాళ్ళొస్తే ఇచ్చేస్తారు" అను. వాళ్ళొచ్చాక, "పాత ప్రభుత్వం ఖజానా ఖాళీ చేసింది" అను. ఐదేళ్ళకోసారి మార్చి మార్చి చెప్పాలి, అంతే. పునరావాసం మునకకి ఆరు నెలల ముందే పూర్తికావాలని చట్టంలో ఉన్నా, ఎన్నికల కేలెండర్‌తో లెక్కేస్తే ఆ ఆరు నెలలు ఎప్పుడూ ముందుకే జరుగుతుంటాయి.

11. సాకులు రాసి పెట్టుకో

జేబు డైరీ ఒకటి కొను. "ఫైలు పైకెళ్ళింది." "ప్రాజెక్టు ఆఫీసరు గారు కొత్తగా వచ్చారు, చదువుకుంటున్నారు." "విషయం కోర్టులో ఉంది, మాట్లాడితే తప్పు." "సిగ్నల్ లేదు." "లాంచీ తిరగట్లేదు." "ఇప్పుడు అడిగితే ఉన్నదీ పోతుంది." చివరిది బంగారం లాంటిది, భయం పెట్టి పంపేస్తుంది. ఎవరికి ఏ తేదీన ఏది చెప్పావో రాసుకో. ఒకే సాకు ఒకే ఇంట్లో రెండోసారి పనిచేయదు. నా డైరీ చూసి మండలంలో ముగ్గురు అధ్యక్షులు రాసుకున్నారు.

12. చెట్టు నరికించు

2021లో చెట్లకి విలువ కట్టే సారు వచ్చాడు. చింతచెట్టుకి అంకె రాసుకుని వెళ్ళాడు. "ఎలాగూ మునిగేదే, కలప దక్కించుకుందాం" అన్నాను. అవ్వ వచ్చి మాను పట్టుకుని నిలబడింది. "ఇది నరికితే నీళ్ళు ఎంతెత్తు వచ్చాయో ఎవడు చెబుతాడురా?" అంది. మనవడి చేత ఇంటికి పంపించి రంపం వేయించాను. ఒక పూట పట్టింది.

2022 జూలైలో గోదావరి భద్రాచలంలో 71 అడుగులు దాటింది. మొదటి దశలో లేని చిన్నగుంపులోకి రాత్రికి రాత్రి నీళ్ళొచ్చాయి. మేకల్నీ పిల్లల్నీ పట్టుకుని కొండెక్కి టార్పాలిన్ల కింద ఉన్నారు. 86 కంటే భద్రాచలంలో నాలుగడుగులు తక్కువ వచ్చిన వరద, మరి ఊళ్ళో 86 గాటు దాటిందా, దాటలేదా? దాటితే ఆ ఎక్కువ నీళ్ళు డ్యామ్‌వి. దాటకపోతే గోదారమ్మవి. అధికారులు వచ్చి, ఆనవాలు ఏమైనా ఉందా అని అడిగారు. గద్దె పక్కన మొద్దు మాత్రమే ఉంది, దాని మీదా బురద. గోడల మీద నా సున్నం ఉంది. ఏమీ రాసుకోకుండా వెళ్ళారు. నాకు ఒక్క సంతకం పని కూడా పడలేదు.

చిన్నగుంపు వాళ్ళు ఇప్పటికీ వానాకాలంలో కొండెక్కి, వరద తీశాక దిగుతారు. పెద్దగుంపు మూడు కాలనీలకి చెదిరింది. నాకు కాలనీలో రోడ్డు పక్క ఇల్లు వచ్చింది. చింతమానుతో చేయించిన బల్ల అరుగు మీద వేసుకున్నాను, నువ్వొస్తే దానిమీదే కూర్చుందువు. 86 గాటు బల్ల మధ్యలోకి వచ్చింది, వడ్రంగి ఎంత చిత్రిక పట్టినా పోలేదు. మొన్న అవ్వ వచ్చి దానిమీద చెయ్యి పెట్టి, ఇది నేలకి ఎంతెత్తున ఉండేదో చెప్పమంది. గుర్తులేదన్నాను. పడుకున్నప్పుడు వీపుకి తగులుతుంది, శాలువా మడిచి పరుచుకుంటాను.